పట్టు విడిచే విద్య

మంచుకొండల మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయేవాని ఎముకను కాపాడేది ధైర్యం కాదు, అతని పాదరక్ష కింద ఉన్న ఒక చిన్న స్ప్రింగు.

పోర్ట్‌లాండ్ నగరంలోని ఒక ఆసుపత్రిలో, మత్తుమందు ప్రభావం ఇంకా పూర్తిగా వదలకముందే, యాల్మార్ హ్వామ్ నర్సును పిలిచి పెన్సిలూ కాగితమూ తెమ్మన్నాడు. అది 1937వ సంవత్సరం. నార్వే దేశంలోని కాంగ్స్‌బెర్గ్‌లో పుట్టి, బ్రతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికా పశ్చిమ తీరానికి చేరిన ఈ యువకుడు మంచు మీద జారే విద్యలో సామాన్యుడు కాడు. 1932లో అమెరికా జాతీయ పోటీలలో విజేతగా నిలిచినవాడు. అటువంటివాడు ఒరెగాన్ రాష్ట్రంలోని హుడ్ పర్వతం మీద, వేసవి ఎండకు మెత్తబడిన మంచులో ఒక చిన్న పగులు మీదుగా దూకి, అవతల తడిమంచులో స్కీ కూరుకుపోగా కాలు విరగగొట్టుకున్నాడు. శరీరం ముందుకు పోయింది. పాదాన్ని బిగించి పట్టుకున్న స్కీ మాత్రం కదలలేదు. ఆ రెంటికీ మధ్య నలిగినది కాలి ఎముక.

మత్తు నుండి తేరుకుంటున్న ఆ స్థితిలో హ్వామ్‌కు ఒక యంత్రం పూర్తి రూపంతో కళ్ళకు కట్టింది. బూటు ముందుభాగాన్ని గట్టిగా పట్టి ఉంచే ఇనుపముక్క ఒకటి. కానీ కాలు ప్రమాదకరంగా ముందుకు వంగి మెలితిరిగినప్పుడు అదే ఇనుపముక్క పక్కకు తిరిగి బూటును వదిలివేస్తుంది. ఆసుపత్రి కాగితం మీద గీసిన ఆ బొమ్మే రెండేళ్ళలో అమ్మకానికి వచ్చిన ఒక పరికరంగా మారింది. ప్రమాదవేళ తనంతట తాను ఊడిపోయే స్కీ బైండింగు చరిత్ర అక్కడ మొదలవుతుంది.

మంచు కురవని దేశంలో పెరిగిన మనకు ఇందులోని ఇక్కట్టు వెంటనే బోధపడదు. స్కీలంటే పాదాలకు కట్టుకునే రెండు పొడవైన, సన్నని పలకలు. వాటి పొడవు ఇంచుమించు మనిషి ఎత్తు. వాలు మీద జారడానికి ఆ పొడవు అవసరమే. కానీ గడ్డపారతో బండరాతిని పెకలించేవాడు పొడుగుపాటి గడ్డపారనే ఎందుకు కోరుకుంటాడో తెలిసినవారికి మిగిలినది చెప్పనక్కరలేదు. పలక కొన ఏ పొదలోనో, ఏ మంచుగడ్డలోనో తగులుకున్నదంటే ఆ పొడవంతా గడ్డపారగా పనిచేస్తుంది. పెకలింపబడేది మోకాలికీ చీలమండకూ నడుమ ఉన్న జంఘాస్థి. కనుక బూటును స్కీకి కలిపే బంధం ఒకటి కాదు, ఒకదానికొకటి విరుద్ధమైన రెండు పనులు చేయాలి. మలుపు మలుపునా శరీరపు బరువునంతా మోస్తూ ఇసుమంతైనా సడలకూడదు. పడిపోయే క్షణంలో మాత్రం అడ్డు చెప్పక వదిలివేయాలి.

ఈ రెండు పనులనూ ఒకే ముడి చేత చేయించడం లోకానికి కొత్త కాదు. అండమాన్ మధ్యద్వీపంలోని రంగత్ తీరం మొదలు మన భీమిలి దాకా ఏ రేవులోనైనా పడవ కట్టేవారు వేసే జారుముడి అటువంటిదే. రాత్రంతా ఆటుపోట్లకు పడవ ఎంత ఊగినా అది ఊడదు; తెల్లవారి కొస పట్టి లాగితే ఒక్క లాగుకు విడిపోతుంది. అయితే ఆ కొసను లాగేది మనిషి చేయి. స్కీ మీద పోయేవానికి అంత వ్యవధి ఉండదు. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో ముడి తానే తెలుసుకోవాలి. చిక్కంతా అందులోనే ఉన్నది.

పూర్వులు మొదటి పని మీదనే దృష్టి నిలిపారు. పంతొమ్మిదవ శతాబ్దిలో నార్వేలోని మోర్గెడాల్ గ్రామవాసి సోండ్రె నోర్‌హైమ్, మెలిపెట్టిన చెట్టువేళ్ళను మడమ చుట్టూ బిగించి, పాదం స్కీ మీద కదలకుండా చేశాడు. ఆ కట్టుతోనే అతడు 1868లో రాజధాని క్రిస్టియానియాలో జరిగిన పోటీలో అందరినీ అబ్బురపరిచాడు. తరువాత ఆస్ట్రియాకు చెందిన మథియాస్ జడార్‌స్కీ ఆల్ప్స్ పర్వతాల నిటారు వాలులకు తగిన లోహపు బంధాన్ని రూపొందించాడు. 1929లో స్విట్జర్లండుకు చెందిన గీడో ర్యోజ్ మడమను స్ప్రింగు గల ఉక్కుతీగతో కిందికి లాగి పట్టే బంధాన్ని తెచ్చాడు. దాని పేరు 'కాందహార్'!

ఆఫ్గన్ పట్టణం పేరు స్విస్ బంధానికెలా అంటుకున్నదన్న కథ మనవారికి కాస్త ఆసక్తి కలిగించవచ్చు. కాన్పూరులో పుట్టి, 1881 నుండి నాలుగేళ్ళు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, తరువాత భారత సేనాధిపతి అయిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, కాందహార్ యుద్ధంలో గెలిచినందున ఆ ఊరిపేరును తన బిరుదులో చేర్చుకున్నాడు. 1911లో స్విట్జర్లండులోని మోంటానాలో జరిగిన స్కీ పందేనికి ఆయన పేరు మీద ఒక కప్పు ఇచ్చారు. కప్పు పేరు పందేలకు వచ్చింది, పందేల పేరు బంధానికి వచ్చింది. మద్రాసు కోటలో కొలువుతీరిన దొరగారి బిరుదును తమ మడమలకు కట్టుకున్నామని ఆనాటి స్కీయర్లలో ఎందరికి తెలుసో!

కాందహార్ బంధం వేగాన్నిచ్చింది. కాళ్ళను మాత్రం బలి తీసుకున్నది. మడమ కిందికి లాగబడి, వేళ్ళవైపు ఇనుప చెవుల మధ్య ఇరుక్కున్న పాదానికి పడిపోయేటప్పుడు వేరే దారి లేదు. ఆ ఇనుప చెవులను ఆటగాళ్ళే ఎలుగుబంటి బోనులని పిలిచేవారు. కాలు విరగడం ఆ రోజుల్లో ఆటలో ఒక భాగంగా చెల్లిపోయింది.

అటువంటి కాలంలో హ్వామ్ తెచ్చిన పరికరాన్ని అందరూ ఎదురేగి స్వాగతించి ఉంటారని అనుకోవడం పొరపాటు. పందేలలో పాల్గొనేవారు దానిని అనుమానంగా చూశారు. వారి సందేహం తీసిపారవేయదగినదీ కాదు. పడినప్పుడు ఊడేది పడకముందే ఊడితే? గంటకు వంద కిలోమీటర్ల వేగంతో మలుపు తిరుగుతున్నవాని ఒక కాలి స్కీ హఠాత్తుగా విడిపోతే, అతనికి విరిగేది కాలు ఒక్కటే కాదు. అకాలంలో ఊడిపోవడమన్న ఈ రెండవ భయం మొదటి భయం కంటె ఏమాత్రం చిన్నది కాదు. ఆనాటి నుండి ఈనాటి దాకా దూకుడుగా స్కీ చేసేవారు బైండింగును ఎంచుకోవడంలో ఈ రెండు భయాల నడుమనే ఊగిసలాడుతున్నారు.

ఈ చిక్కుముడికి మొదటి మంచి పరిష్కారం ఫ్రాన్సులోని నెవేర్ పట్టణం నుండి వచ్చింది. అక్కడ 'లుక్' అనే సంస్థను స్థాపించిన ఝాఁ బేల్ గ్రహించినది ఇది: మంచు మీద తగిలే దెబ్బలలో అధికభాగం క్షణకాలపువి. స్కీ ఒక గడ్డకు తగులుతుంది, అదురుతుంది, మరుక్షణం దారిన పడుతుంది. ఆ అదురుకే బంధం ఊడనక్కరలేదు. బూటును కొంత దూరం పక్కకు పోనిచ్చి, ఒత్తిడి తగ్గగానే స్ప్రింగు బలంతో మళ్ళీ నడుమకు లాక్కొస్తే చాలు. ఒత్తిడి తగ్గక కొనసాగితేనే అది నిజమైన ప్రమాదం. అప్పుడు హద్దు దాటిన బూటును వదిలివేయాలి. 1950లో వెలువడిన ఆయన 'నెవాడా' బైండింగులో పొడవైన స్ప్రింగు గల ముషలకం ఈ పనిని చేసింది. పక్కకు పోయి తిరిగి రాగల ఈ దూరాన్నే నేడు సాగుబాటు అంటున్నారు. బైండింగుల గురించి తెలుసుకోదగిన సంగతులలో దీనికి మించినది లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ దశకంలోనే జర్మనీలో హానెస్ మార్కర్, అమెరికాలో మిచ్ కబ్బర్లీ, ఫ్రాన్సులోని అనేసీ పట్టణంలో సాలమన్ కుటుంబం తమ తమ పద్ధతులతో రంగంలోకి దిగారు. వేళ్ళవైపు ముక్కతో పాటు మడమవైపు ముక్క కూడా ఊడేటట్లు చేయడం, బూటు అడుగుకూ స్కీకీ మధ్య రాపిడి తగ్గించడానికి టెఫ్లాన్ పలకను అమర్చడం, ఊడిన స్కీ ఒంటరిగా కొండ దిగిపోయి కింద ఉన్నవారికి తగలకుండా రెండు కొమ్ముల బ్రేకును జోడించడం, ఇవన్నీ తరువాతి రెండు దశాబ్దాలలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బ్రేకు రాకముందు స్కీని తోలుపట్టెతో కాలికి కట్టుకునేవారు. ఊడిన స్కీ ఆ పట్టె చివర గిరగిర తిరిగి యజమాని తలమీదనే పడిన సందర్భాలు కొల్లలు.

బంధం ఎంత బలానికి ఊడాలన్న ప్రశ్న మాత్రం కర్మాగారంలో తేలేది కాదు. దానికి జవాబు మనిషి ఎముకలో ఉన్నది. మ్యూనిక్ వైద్యుడు ఎర్న్‌స్ట్ అజాంగ్ జంఘాస్థి ఎంత మెలితిప్పును, ఎంత వంపును భరించగలదో కొలిచాడు. అటువంటి కొలతల ఆధారంగా జర్మన్ ప్రమాణాల సంస్థ, ఆ తరువాత అంతర్జాతీయ సంస్థ పట్టికలను తయారుచేశాయి. ఇప్పుడు ప్రతి బైండింగు మీదా చిన్న కిటికీలో కనిపించే అంకె, లోకమంతా 'డిన్' అని పిలిచే అంకె, ఆ శ్రమ ఫలితం. దాని అర్థం కష్టమైనది కాదు. ఒక మీటరు పొడవున్న పానా చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే బోల్టు మీద ఎంత మెలితిప్పు పడుతుందో, డిన్ ఒకటి అంటే ఇంచుమించు అంత. అంకె ఏడు అయితే ఏడు కిలోలు వేలాడదీసినంత. ఆ మెలితిప్పు దాటితే బూటు పక్కకు జారి బయటపడుతుంది.

ఈ అంకెను ఎవరికి వారు తోచినట్టు పెట్టుకోకూడదు. శరీరపు బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, ఆపైన స్కీ చేసే తీరు: ఈ అయిదింటినీ చూసి పట్టిక అంకెను నిర్ణయిస్తుంది. తీరు మూడు రకాలు. జాగ్రత్తగా, మెల్లగా పోయేవారు మొదటి రకం. మధ్యస్థులు రెండవ రకం. నిటారు వాలులను వేగంగా దిగే దూకుడు మనుషులు మూడవ రకం. పదేళ్ళు నిండని పిల్లలకు, యాభై దాటిన పెద్దలకు అంకెను ఒక మెట్టు తగ్గిస్తారు. డెబ్బయి అయిదు కిలోల బరువు గల మధ్యరకపు యువకునికి ఆరు, ఏడు ప్రాంతంలో వచ్చే అంకె, అదే మనిషి మూడవ రకానికి చెందినప్పుడు ఎనిమిది దాటుతుంది. పందేలలో పాల్గొనేవారు ఇంకా పైకి పోతారు. వారి కోసం తయారయ్యే బైండింగుల అంకెలు ఇరవై కూడా దాటుతాయి.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. దుకాణంలో 'మీరు ఏ రకం?' అని అడిగినప్పుడు మనిషి తన గురించి తాను చెప్పే మాట మీదనే అతని ఎముక భద్రత ఆధారపడుతుంది. యువకులలో నిజంగా మూడవ రకానికి చెందినవారి కంటె అలా చెప్పుకునేవారే ఎక్కువ. పెద్ద అంకెను పతకంలా ధరించే అలవాటు స్కీ లోకంలో పాతదే. కానీ ఎముకకు గొప్పలు తెలియవు.

అయితే దూకుడుగా స్కీ చేసేవారు పద్దెనిమిది దాకా అంకె గల ఖరీదైన బైండింగులను కొనడమంతా ఆడంబరమేనా? కాదు. తనకు పదకొండు చాలునని పట్టిక చెప్పినా, ఎనిమిది నుండి పద్దెనిమిది దాకా పోయే బైండింగునే కొనే అనుభవజ్ఞుడు ఆ అంకెల కోసం కొనడం లేదు. వాటి వెంట వచ్చే లోహం కోసం కొంటున్నాడు. తక్కువ అంకెల నమూనాలలో ప్లాస్టిక్ ఉండే చోట పై నమూనాలలో అల్యూమినియమో, మెగ్నీషియమో, ఉక్కో ఉంటుంది. ఎత్తు నుండి దూకి మడమల మీద దిగేవాని బరువు మడమవైపు గృహాన్ని ఏళ్ళ తరబడి సమ్మెటలా మోదుతుంది. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. నెర్రె ముందు వెంట్రుకంత సన్నగా మొదలై, ఒకనాడు చెప్పకుండా తెరుచుకుంటుంది. పైగా తన అంకె బైండింగు పరిధిలో నడుమన ఉండడం మంచిదన్నది నిపుణుల మాట. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయిన స్థితిలో దానికి సాగే చోటు మిగలదు.

దారుఢ్యం విషయంలో స్కీయర్లు కథలు కథలుగా చెప్పుకునే నమూనా లుక్ వారి 'పివట్'. 1962 నాటి వారి తిరుగుడుపళ్ళెం మడమకు ఇది నేరుగా వారసురాలు. మడమవైపు ముక్క ఒక గుండ్రని పళ్ళెం మీద, కాలి ఎముక అక్షానికి సరిగ్గా కింద తిరుగుతుంది. అందువల్ల వేళ్ళవైపు ముక్క బూటును పక్కకు విడుస్తున్నప్పుడు మడమ అడ్డు తగలక తానూ తిరుగుతుంది. వేళ్ళవైపు నలభై అయిదు, మడమవైపు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సాగుబాటు ఉన్నదని తయారీదారులు చెబుతారు. ఆరు దశాబ్దాలు గడిచినా మూలసూత్రం మారకపోవడం యంత్రాల లోకంలో అరుదైన గౌరవం. దానికీ లోపాలున్నాయి. తొడుక్కోవడం మిగతావాటి కంటె కష్టం. పళ్ళెం అటూ ఇటూ తిరిగి ఉంటే మోకాలి లోతు మంచులో వంగి దానిని చేత్తో సరిచేసుకోవాలి. 2007 ప్రాంతంలో మార్కర్ సంస్థ తెచ్చిన 'జెస్టర్' దీనికి పోటీ. వెడల్పాటి స్కీలు వాడుకలోకి వచ్చిన కాలంలో, మేకులను దూరదూరంగా పరచి బలాన్ని పలక అంచుల దాకా చేర్చాలన్నది దాని ఆలోచన. సాలమన్ వారి లోహపు నమూనాలకూ నమ్మకస్తులైన అభిమానులున్నారు. వీటిలో ఏది గొప్పదన్న వాదం కాఫీహోటలులో సినీతారల మీద జరిగే వాదం వంటిది. తెల్లవార్లూ సాగినా తేలదు.

నిజానికి బైండింగు ఆయుస్సును నిర్ణయించేవి పేర్లు కావు, చిన్న చిన్న సంగతులు. కారు పైకప్పు మీద కట్టి తీసుకుపోతున్నప్పుడు రోడ్డు మీద చల్లిన ఉప్పూ బురదా స్ప్రింగు గూటిలోకి చేరతాయి. లోపలి కందెన ఎండిపోతుంది. బూట్లతో సిమెంటు నేల మీద నడిచేవారి బూటు అంచులు అరిగి, బైండింగు చెవులతో కలిసే చోట సందు ఏర్పడుతుంది. చెక్కలో బిగించిన మేకులు తడికి వదులవుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఎవరి కంటా పడనిది, మడమవైపు ముక్క బూటును ముందుకు నెట్టే ఒత్తిడి. అది సరిగా లేనప్పుడు ఎంత పెద్ద అంకె పెట్టినా బంధం అకాలంలో ఊడుతుంది. ఊడింది కదా అని స్క్రూడ్రైవరు తీసి అంకెను ఒకటి పెంచుతాడు స్కీయరు. మళ్ళీ ఊడుతుంది, మళ్ళీ పెంచుతాడు. ఆ విధంగా రోగాన్ని వదిలి రోగిని బిగించుకుంటూ పోయి, ఊడవలసిన రోజున ఊడని బంధాన్ని తన చేతులతో తానే తయారుచేసుకుంటాడు.

ఇంత శ్రమకు ఫలితమేమిటని అడిగితే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం వైపు చూడాలి. అక్కడి షుగర్‌బుష్ స్కీ కేంద్రంలో 1972 నుండి శస్త్రవైద్యుడు రాబర్ట్ జాన్సన్, బైండింగుల నిపుణుడు కార్ల్ ఎట్లింగర్, ఇంజనీరు జాస్పర్ షీలీ గాయపడినవారి లెక్కలను, వారి బైండింగుల కొలతలను ఏళ్ళ తరబడి సేకరించారు. కాలి ఎముక విరగడం, చీలమండ దెబ్బతినడం అనేక రెట్లు తగ్గిపోయాయని ఆ లెక్కలు తేల్చాయి. హ్వామ్ మంచం మీద గీసిన బొమ్మకు ఇంతకంటె గొప్ప సమర్థన అక్కరలేదు.

కానీ అదే లెక్కల పుస్తకం మరొక పుటలో చేదునిజం చెప్పింది. డెబ్బయ్యవ దశకం చివరి నుండి మోకాటి కీలు లోపలి ముందరి స్నాయువు తెగే గాయాలు పెరుగుతూ వచ్చాయి. వెనుకకు కూలబడుతున్నవాని స్కీ తోక లోపలికి తిరిగినప్పుడు, బలం వేళ్ళవైపు కాక మడమ వెనుక పడుతుంది. మామూలు బైండింగు దానిని ప్రమాదంగా గుర్తించదు; దానికి తెలిసినది ఎముక భాష ఒక్కటే. మడమను కూడా పక్కకు విడిచే నమూనాలు వెర్మాంట్ లోనే పుట్టాయి; ఎలక్ట్రానిక్ మెదడు గల బైండింగులపై విశ్వవిద్యాలయాలలో పరిశోధన సాగింది. అయితే ఇంతవరకు అందరికంటె చవకగా పనిచేసినది పరికరం కాదు, శిక్షణ. పడబోతున్నప్పుడు చేతులు ముందుంచి, పాదాలు దగ్గరగా తెచ్చుకుని, పడిన వెంటనే లేవబోక జారడం ఆగేదాకా అలాగే ఉండమని ఎట్లింగర్ బృందం స్కీ రక్షకులకూ, శిక్షకులకూ నేర్పింది. అలా నేర్చుకున్నవారిలో తీవ్రమైన మోకాటి గాయాలు 62 శాతం తగ్గాయని 1995లో వారు ప్రకటించారు.

మన దేశానికి ఈ ఆట పరాయిది కాదు. గుల్మార్గ్‌లో 1927 లోనే స్కీ సంఘం వెలిసింది. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం తరపున మొదటిసారి కొండ దిగాడు. 2022 బీజింగ్ క్రీడలలో మన ఏకైక ప్రతినిధి ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ ప్రాంతంవాడే. తండ్రి స్కీ పరికరాల దుకాణం నడిపిన ఇంట్లో పెరిగి, జైంట్ స్లాలమ్‌లో నలభై అయిదవ స్థానం సాధించాడు. గుల్మార్గ్ తీగబండి రెండవ దశ 2005లో తెరుచుకున్న తరువాత అఫర్వత్ శిఖరపు లోతుమంచు కోసం దేశదేశాల నుండి దూకుడు స్కీయర్లు వస్తున్నారు. చలికాలపు సెలవుల్లో హైదరాబాదు నుండీ, విశాఖ నుండీ పోయి ఔలీలోనో, సోలంగ్ లోయలోనో మొదటిసారి స్కీలు తొడిగేవారు కూడా ఉన్నారు. వారు తొడిగేది చాలావరకు అద్దె సరకు.

అద్దె దుకాణంలో బరువు, ఎత్తు, వయస్సు అడగకుండా బూటును తోసి బిగించి పంపించబోతే అక్కడే ఆగాలి. అడిగినప్పుడు బరువు తగ్గించి చెప్పడం, నేర్పు పెంచి చెప్పడం రెండూ ప్రమాదమే. కిటికీలోని అంకె రెండు స్కీల మీదా, ముందూ వెనుకా తన అంకెకు సరిపోయిందా అని చూడాలి. బూటు అడుగున అంటిన మంచును గీకివేశాకనే తొడగాలి. సొంతానికి పాత బైండింగు చౌకగా దొరికిందని కొనేవారికి మరొక చిక్కు ఉన్నది. ప్రతి తయారీ సంస్థా ఇప్పటికీ తాను బాధ్యత వహించే నమూనాల జాబితాను ప్రకటిస్తుంది. ఆ జాబితా నుండి జారిపోయిన నమూనాను, అది చూడడానికి ఎంత కొత్తగా ఉన్నా, శిక్షణ పొందిన పనివాడు ముట్టుకోడు. జాబితాలో ఉన్నదాన్ని మాత్రం మెలితిప్పు కొలిచే యంత్రానికి తగిలించి, బూటును పక్కకు ఒకసారి, ముందుకు ఒకసారి విడిపించి చూస్తాడు. కిటికీలో కనిపించే అంకెకూ, యంత్రం చూపే అంకెకూ తేడా వస్తే నమ్మవలసినది యంత్రాన్నే.